ఇల్లు విడిచిన ఋత్విక్కు

దేశ రాజధానిలో యువత పేరు వినిపించని రోజంటూ ఉండదు. బడ్జెట్ ప్రసంగంలో యువత మన సంపద. హోం శాఖ పద్దులపై చర్చ వచ్చేసరికి అదే యువత మన సమస్య. నైపుణ్యం, ఉపాధి, జాతి భవిష్యత్తు వంటి మాటలు ఉభయ సభల్లోనూ ధారాళంగా ప్రవహిస్తాయి. కాని ఒక కుర్రవాడు తండ్రి మాట కాదని గుమ్మం దాటి వెళ్లిపోయినప్పుడు ఆ ఇల్లు ఏమవుతుంది, ఆ కుర్రవాడు ఏమవుతాడు అన్న ప్రశ్నకు సభలో లేచి జవాబు చెప్పవలసిన మంత్రి ఎవరూ లేరు. అది ఏ శాఖ పరిధిలోకీ రాదు. అటువంటి ప్రశ్నలను మన దేశంలో కవులూ, కథకులూ, అరుదుగా చలనచిత్ర దర్శకులూ పట్టించుకుంటూ వచ్చారు.

2010 జూలైలో విడుదలైన 'ఉడాన్' అనే హిందీ చిత్రం ఆ అరుదైన కోవకు చెందినది. విక్రమాదిత్య మోత్వానీకి దర్శకునిగా అదే తొలి చిత్రం. అందులో పేరుమోసిన తారలు లేరు, ప్రేమకథ లేదు, కథానాయకునికి ఇంకా మీసాలైనా సరిగా రాలేదు. అటువంటి కథకు డబ్బు పెట్టేవారు దొరకక ఆ రచన ఏళ్ల తరబడి కాగితాల మీదనే ఉండిపోయింది. చివరకు తోటి దర్శకుడు అనురాగ్ కశ్యప్ నిర్మాణానికి పూనుకోవడంతో వెలుగు చూసింది. విడుదలకు ముందే, ఆ ఏడాది మే నెలలో, ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవంలో 'అన్ సర్టెన్ రిగార్' విభాగానికి ఎంపికయింది. దరిమిలా 7 ఫిల్మ్‌ఫేర్ బహుమతులు అందుకుంది. కథ జరిగేది జంషెడ్‌పూర్‌లో.

సిమ్లాలోని వసతి పాఠశాల నుంచి బహిష్కృతుడైన రోహన్ అనే కుర్రవాడు ఎనిమిదేళ్ల తరువాత ఇల్లు చేరతాడు. ఆ ఎనిమిదేళ్లలో తండ్రి ఒక్కసారైనా వచ్చి చూసిన పాపాన పోలేదు. ఇంట్లో తాను ఎన్నడూ ఎరుగని ఆరేళ్ల తమ్ముడు, సవతి తల్లి కొడుకు, ఉంటాడు. కొడుకులు తండ్రిని నాన్నా అని పిలవడానికి వీల్లేదు, సార్ అనాలి. ఒక పూట తండ్రి కర్మాగారంలో పని, ఒక పూట ఇంజనీరింగ్ చదువు. కవిత్వం రాసుకోవాలన్న కోరిక ఆ ఇంట్లో తప్పతాగడం కంటె పెద్ద నేరం. చివరకు కుర్రవాడు ఇల్లు విడిచిపోతాడు. పోయినవాడు వెనక్కి వచ్చి, తమ్ముడి చేయి పట్టుకుని వాణ్ణి కూడా తీసుకుపోతాడు. ఇంజనీరింగ్ సీటు కోసం పిల్లలను ఎనిమిదో తరగతి నుంచే కోచింగ్ హాస్టళ్లకు అప్పగించే మన తెలుగు తల్లిదండ్రులకు ఈ కథను వేరే విప్పి చెప్పవలసిన అవసరం లేదు. జంషెడ్‌పూర్ కూడా మనకు పరాయి ఊరు కాదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారం పనికి వెళ్లిన తెలుగు కుటుంబాలు కొన్ని తరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి.

ఆ పట్టణం అంచున సువర్ణరేఖ నది ప్రవహిస్తుంది. రాంచీ సమీపంలో పుట్టి, జంషెడ్‌పూర్ వద్ద ఖర్కయీ నదిని కలుపుకొని, ఘట్‌శిల మీదుగా బెంగాల్‌నూ ఒడిశానూ తాకి బంగాళాఖాతంలో కలిసే నది అది. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ ఆ తీరాన ఉన్న సాక్చి గ్రామాన్ని ఎంచుకోవడంలో ఇనుప ఖనిజంతోపాటు ఆ నీటికీ ప్రమేయం ఉంది. 1919లో సాక్చి కాస్తా జంషెడ్‌పూర్ అయింది. ఆ నది పేరునే తన చిత్రానికి పెట్టుకుని, 'ఉడాన్' కంటె దాదాపు అర్ధ శతాబ్దం ముందు, ఇదే కథను మరొక విధంగా చెప్పిన దర్శకుడు ఒకరున్నారు. ఆయన ఋత్విక్ ఘటక్.

1962లో ఆయన తీసిన 'సువర్ణరేఖ'లో ఈశ్వర్ అనే కాందిశీకుడు తన చిన్నారి చెల్లెలు సీతను, తల్లి నుంచి తప్పిపోయిన అభిరామ్ అనే అనాథ బాలుణ్ణి వెంటబెట్టుకుని ఆ నది ఒడ్డున ఉన్న ఒక కర్మాగారంలో ఉద్యోగానికి వస్తాడు. పిల్లలిద్దరినీ ప్రాణంగా పెంచుతాడు. అభిరామ్ చదువు ముగించుకుని రాగానే ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ పంపుతానంటాడు. ఆ కుర్రవాడు మాత్రం తాను రచయితను కావాలని కోరుకుంటాడు. ఈలోగా అతడు తక్కువ కులంవాడని బయటపడుతుంది. ప్రేమించిన సీతను అతనికి ఇవ్వడానికి ఈశ్వర్ ససేమిరా అంటాడు. పిల్లలిద్దరూ ఇల్లు విడిచి కలకత్తా పారిపోతారు. రోహన్ తండ్రి దుర్మార్గుడు, ఈశ్వర్ మంచివాడు. అయినా గుమ్మం దాటవలసిన అగత్యం రెండు ఇళ్లలోనూ కలిగింది. పిల్లలు పారిపోయేది చెడ్డ తండ్రుల నుంచే అనుకుని మనం తృప్తి పడకుండా ఘటక్ అడ్డుపడ్డారు.

ఈ విషయం ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇల్లు విడవడం ఆయన జీవితంలో అడుగడుగునా ఉంది.

ఋత్విక్ కుమార్ ఘటక్ 1925 నవంబరు 4న ఢాకాలో జన్మించారు. ఆయనతోపాటే ప్రతీతి అనే కవల సోదరి పుట్టింది. ఆ పెద్ద కుటుంబంలో వీరిద్దరే కడగొట్టు సంతానం. తండ్రి సురేశ్ చంద్ర ఘటక్ జిల్లా మేజిస్ట్రేటు. కవిత్వం, నాటకాలు రాసిన రసికుడు. తల్లి ఇందుబాల. పెద్దన్న మనీశ్ ఘటక్ 'కల్లోల్' పత్రిక యుగంలో పేరుపొందిన రచయిత. ఆ మనీశ్ కుమార్తె మహాశ్వేతాదేవి. ఆమె 1926 జనవరిలో జన్మించింది కనుక బాబాయికీ అన్న కూతురికీ వయస్సులో తేడా రెండు నెలలు మాత్రమే. ఝార్ఖండ్ అడవుల్లో బిర్సా ముండా సాగించిన తిరుగుబాటును నవలగా మలచి 1979లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మహాశ్వేత, అదే కొండకోనల్లో కెమెరాతో తిరిగిన ఋత్విక్, ఒకే వయస్సువారై ఒకే కుటుంబం నుంచి రావడం విశేషం.

ప్రభుత్వోద్యోగి బిడ్డ కావడం వల్ల బాల్యం బదిలీల మధ్య గడిచింది. అయితే పద్మా నది ఒడ్డున ఉన్న రాజ్‌షాహీ ఆయన మనస్సులో స్థిరపడిపోయిన ఊరు. ఇంట్లో పుస్తకాలకు, సంగీతానికి కొదవ లేదు. అటువంటి ఇంటి నుంచే ఆ కుర్రవాడు ఒకటికి రెండుసార్లు పారిపోయాడు. ఒకసారి ఏకంగా కాన్పూరు చేరి, అక్కడొక బట్టల మిల్లులో బిల్లులు రాసే విభాగంలో పనికి కుదిరాడు. 1942 ప్రాంతంలో ఇంటివారు వెదికి వెనక్కి తీసుకువచ్చారు. మేజిస్ట్రేటు గారబ్బాయికి మిల్లు కార్మికుల జీవితం అంత దగ్గరగా చూసే అవకాశం పాఠ్య పుస్తకాలు కల్పించలేవు. ఆ పారిపోవడమే ఆయన అసలు విద్యాభ్యాసం అనుకున్నా తప్పు లేదు.

ఆ వెనువెంటనే చరిత్ర కూడా ఆయన ఇంటి మీద పడింది. 1943లో బెంగాల్ కరువు. 1947లో విభజన. రాజ్‌షాహీ, ఢాకా, పద్మా నది అన్నీ ఒక్క గీతతో విదేశం అయిపోయాయి. ఇంటి నుంచి తాను పారిపోతే వెనక్కి రావచ్చు. ఇల్లే తన నుంచి వెళ్లిపోతే ఏమి చేయాలి? ఆయన తరువాతి జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. సత్యజిత్ రాయ్, మృణాల్ సేన్‌లతో కలిపి ఆయన పేరు చెప్పడం వాడుక. కాని ఆ ముగ్గురిలో విభజన గాయాన్ని తన ప్రధాన వస్తువుగా చేసుకుని చివరివరకు విడవనివాడు ఘటక్ ఒక్కరే.

బహరంపూర్‌లోని కృష్ణనాథ్ కళాశాలలో 1948లో బి.ఏ. పూర్తిచేసి, కలకత్తా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివారు. పరీక్ష మాత్రం రాయలేదు. ఇంగ్లీషు ఎం.ఏ. ఆ రోజుల్లో సర్కారు కొలువుకు రాజమార్గం. తండ్రి నడిచిన దారి కూడా అదే. దానికి ఆయన తలుపు మూసివేశారు. అప్పటికే కథలు రాస్తున్నారు, నాటకాలు రాస్తున్నారు. భారత ప్రజా నాట్య సంఘంలో, అంటే ఇప్టాలో చేరారు. మన ప్రజా నాట్య మండలి ఏ స్ఫూర్తితో ఊరూరా తిరిగి నాటకాలు ఆడిందో, బెంగాల్‌లో ఇప్టా కూడా ఆ స్ఫూర్తితోనే పనిచేసింది. ఆయన రాసిన 'దలీల్' అనే నాటకం 1953లో బొంబాయిలో జరిగిన ఇప్టా మహాసభలో ప్రథమ బహుమతి పొందింది. దాని వస్తువు కూడా విభజనే.

నాటకం వేలమందికి చేరుతుంది, సినిమా లక్షలమందికి చేరుతుంది అన్న లెక్కతో ఆయన సినిమాలోకి వచ్చారు. అంతకంటె మెరుగైన మాధ్యమం దొరికితే సినిమాను కూడా వదిలేస్తానన్నది ఆయన ధోరణి. నిమాయ్ ఘోష్ కాందిశీకుల మీద తీసిన 'ఛిన్నమూల్'లో నటించి, సహాయ దర్శకునిగా పనిచేశారు. 1952లో తన మొదటి చిత్రం 'నాగరిక్' పూర్తిచేశారు. ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరిగే రాము అనే యువకుడు, మెట్టు మెట్టుగా పేదవాడకు దిగజారే అతని కుటుంబం దాని కథ. రాయ్ 'పథేర్ పాంచాలి' 1955లో వచ్చింది. మూడేళ్ల ముందే సిద్ధమైన 'నాగరిక్' మాత్రం 1977లో, అంటే దర్శకుడు మరణించిన తరువాత, తెరకెక్కింది. పాతికేళ్లపాటు ఒక యువకుని నిరుద్యోగ గాథ డబ్బాల్లో మగ్గిపోయింది. ఈలోగా దేశంలో నిరుద్యోగుల తరం ఒకటి పోయి మరొకటి వచ్చింది. ప్రజా నాట్య మండలి నుంచి వచ్చిన మన గరికపాటి రాజారావు 'పుట్టిల్లు' తీసింది 1953లో. బెంగాల్‌లోనూ ఆంధ్రలోనూ ఒకే ఆవేశం ఒకే సమయంలో తెర దగ్గరకు వచ్చిందనడానికి ఇది సాక్ష్యం.

ఇంటి తరువాత ఆయన పోగొట్టుకున్నది పార్టీ. కళారంగంలో కమ్యూనిస్టు పార్టీ అనుసరించవలసిన విధానం గురించి 1954లో ఒక సుదీర్ఘ పత్రం రాసి నాయకత్వానికి సమర్పించారు. కళాకారునికి క్రమశిక్షణ ఎంత అవసరమో స్వేచ్ఛ కూడా అంత అవసరమన్నది దాని సారాంశం. 1955లో పార్టీ ఆయనను బహిష్కరించింది. ఆ పత్రం దశాబ్దాల తరువాత పార్టీ పాత కాగితాల్లో బయటపడి పుస్తకంగా అచ్చయింది. పాఠశాల నుంచి వెళ్లగొట్టబడిన కుర్రవాడు ఇంటికి పోవచ్చు. ముప్ఫై ఏళ్ల వయస్సులో, పార్టీయే ఇల్లు అనుకున్న మనిషి ఎక్కడికి పోతాడు? ఆయన మార్క్సిజాన్ని విడవలేదు, పార్టీవారిని ద్వేషించనూ లేదు. ఆ తెగిన బంధం గురించి 'కోమల్ గాంధార్' అనే చిత్రం తీశారు.

ఆ 1955లోనే ఆయన సురమా భట్టాచార్యను వివాహమాడారు. సంసార పోషణకై బొంబాయి వెళ్లి ఫిల్మిస్తాన్ సంస్థలో కథారచనకు కుదిరారు. మన తెలుగు ప్రేక్షకులు కూడా ఆదరించిన బిమల్ రాయ్ చిత్రం 'మధుమతి' (1958) కథ ఘటక్‌దే. హృషీకేశ్ ముఖర్జీ తొలి చిత్రం 'ముసాఫిర్' (1957) రచనలోనూ ఆయన పాలు ఉంది. 'మధుమతి' కనకవర్షం కురిపించింది. అక్కడే స్థిరపడి ఉంటే ఆయనకు బంగళా, కారు అమరి ఉండేవి. ఆయన బొంబాయిని కూడా విడిచి కలకత్తా వచ్చేశారు.

ఝార్ఖండ్ నేలతో ఆయన పరిచయం ఈ రోజుల్లోనిదే. అప్పటికి అది దక్షిణ బీహారు. 2000 నవంబరు 15 వరకు వేరే రాష్ట్రం కాదు. 1955లో బీహారు ప్రభుత్వం కోసం ఆదివాసుల జీవితం మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. ఆ తరువాత ఒరావ్ తెగ మీద మరొకటి. ఆ పరిచయ ఫలమే సుబోధ్ ఘోష్ కథ ఆధారంగా 1958లో వచ్చిన 'అజాంత్రిక్'. బిమల్ అనే ఒంటరి టాక్సీ డ్రైవరుకు జగద్దల్ అనే తన డొక్కు షెవర్లే కారే సర్వస్వం. రాంచీ పరిసరాల్లోని ఎర్రమట్టి దారుల్లో ఆ కారు ఎక్కుతూ దిగుతూ చివరకు మొరాయిస్తుంది. పాత ఇనుము కింద అమ్ముడవుతుంది. ఏడుస్తున్న బిమల్‌కు, ఆ కారు హారన్‌తో ఆడుకుంటున్న పసివాడు కనిపిస్తాడు. మిగిలిపోయిన ముక్కతో పసివాడు ఆట మొదలుపెట్టడం ఘటక్ చిత్రాల్లో తరచు కనిపించే ముగింపు. 1959లో వెనిస్ ఉత్సవంలో దీన్ని పోటీకి వెలుపల ప్రదర్శించారు.

ఆ మరుసటి ఏడాది, 1959లో విడుదలైన 'బాడీ థేకే పాలియే' పేరులోనే ఇంటి నుంచి పారిపోవడం ఉంది. శివరామ్ చక్రవర్తి కథ అది. పల్లెటూరి ఉపాధ్యాయుని కొడుకు కాంచన్, తండ్రి కాఠిన్యం భరించలేక, కలకత్తాను బంగారు నగరంగా ఊహించుకుని పారిపోతాడు. హౌరా వంతెన చూసి నోరు వెళ్లబెడతాడు. తరువాత నగరం తన అసలు రూపం ఒక్కొక్కటే చూపుతుంది: కాలిబాటల మీద నిద్ర, ఆకలి, బిచ్చగాళ్లు, దొంగలు. వాడిని చేరదీసిన హరిదాస్ అనే చిరుతిండ్లు అమ్ముకునేవాడు, ఒకనాడు బడిపంతులుగా బతికి తూర్పు బెంగాల్ నుంచి తరిమివేయబడినవాడు. కాంచన్ తాను ఇల్లు వదిలాడు. హరిదాస్‌ను ఇల్లు వదిలించారు. ఒక బాలుని అల్లరి కథలో అంత పెద్ద దుఃఖాన్ని అంత తేలికగా కలిపిన చిత్రం మన దేశంలో మరొకటి లేదు. అదే ఏడాది ఫ్రాన్సులో ఫ్రాన్స్వా త్రూఫో చిత్రం 'ద ఫోర్ హండ్రెడ్ బ్లోస్' వచ్చి, ఇల్లూ బడీ కాదన్న బాలుని కథగా ప్రపంచ ఖ్యాతి పొందింది. మన కాంచన్‌కు ఆ ఖ్యాతి దక్కలేదు.

త్రూఫో బాలుడు సముద్రపు ఒడ్డున దారి తోచక నిలబడతాడు. రోహన్ తమ్మునితో వెళ్లిపోతాడు. కాంచన్ ఇంటికి తిరిగివస్తాడు. ఓడిపోయి వచ్చాడని ఘటక్ అనడు. ఇల్లంటే ఏమిటో, అది లేనివారిని చూసి తెలుసుకుని వచ్చాడంటాడు. మన పురాణాల్లో సవతి తల్లి మాటకు నొచ్చుకుని అడవికి పోయిన ధ్రువుడు కూడా తిరిగి రాజ్యానికే వచ్చాడు. ప్రహ్లాదుడు తండ్రి ఇంట్లోనే ఉండి ధిక్కరించాడు. ధిక్కారానికి మన సంప్రదాయంలో చోటు లేదనేవారు ఈ కథలు మరచిపోతారు. వెళ్లిన కుర్రవాడు తిరిగి వచ్చేసరికి ఇంటివారు ఎంత మారి ఉంటారన్నదే అసలు సంగతి.

1960లో 'మేఘే ఢాకా తారా' వచ్చింది. కాందిశీక కుటుంబాన్ని ఒంటి చేత్తో మోసి, క్షయ రోగంతో రాలిపోయిన నీత కథ. ఆయన జీవితకాలంలో జనం నిండుగా ఆదరించిన చిత్రం బహుశా అదొక్కటే. 1961లో 'కోమల్ గాంధార్' ఘోరంగా దెబ్బతిన్నది. 1962లో పూర్తయిన 'సువర్ణరేఖ' 1965 దాకా విడుదలకు నోచుకోలేదు. ఆ వరుస దెబ్బలతో ఆయన మద్యానికి బానిస అయ్యారు. మొదలుపెట్టిన చిత్రాలు సగంలో ఆగిపోయాయి. 1962 తరువాత మరొక కథాచిత్రం పూర్తిచేయడానికి ఆయనకు పదకొండేళ్లు పట్టింది. ఇరవై రెండేళ్లలో మొత్తం ఎనిమిది కథాచిత్రాలు.

ఈ చీకటి కాలంలో ఢిల్లీ ఆయనకు రెండుసార్లు చేయి అందించింది. మొదటిది పుణే చలనచిత్ర శిక్షణ సంస్థ. సినీ పరిశ్రమ పరిస్థితిని పరిశీలించిన ఎస్.కె. పాటిల్ సంఘం 1951లో చేసిన సిఫారసుల ఫలితంగా 1960లో ఏర్పడిన సంస్థ అది. శ్రీమతి ఇందిరా గాంధీ సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉన్న 1964-66 మధ్య కాలంలో ఘటక్ అక్కడ అధ్యాపకునిగా, వైస్ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఉన్నది స్వల్పకాలమే. తరగతి గది కంటె చెట్టు కింద పాఠమే ఎక్కువ. మణి కౌల్, కుమార్ శహానీ, జాన్ అబ్రహాం వంటి శిష్యులు అక్కడే తయారయ్యారు. ఇంట్లో కుదురుగా ఉండలేని మనిషి, ఇతరుల బిడ్డలకు పెద్ద దిక్కు అయ్యారు. ఆ శిష్యుల్లో జాన్ అబ్రహాం కేరళలో ఊరూరా జనం దగ్గర చందాలు దండి 1986లో 'అమ్మ అరియాన్' తీశారు. చనిపోయిన మిత్రుని తల్లికి ఆ వార్త చెప్పడానికి బయలుదేరిన యువకుల కథ అది. తిరుగుబాటు చేసిన కొడుకు కథను తల్లి ముంగిట దాకా తీసుకుపోవడంలో గురువు ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది.

రెండవది 1970లో పద్మశ్రీ. అప్పటికి ఏడాది ముందు, 1969లో, ఆయన కలకత్తాలో మానసిక చికిత్సాలయంలో ఉన్నారు. అక్కడ కూడా ఊరుకోలేదు; ఒక నాటకం రాసి, తోటి రోగుల చేతనే ఆడించారు. ప్రభుత్వం బిరుదు ఇచ్చింది సరే, 'నాగరిక్' డబ్బాలు అప్పటికీ దుమ్ము కొట్టుకునే ఉన్నాయి. మనిషికి పతకం ఇవ్వడం రాజధానికి తేలిక. అతని పనిని జనం దగ్గరకు చేర్చడం కష్టం. చిత్రాలకు అప్పులిచ్చేందుకు ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ కూడా 1960లోనే వెలసింది. తీసిన చిత్రానికి థియేటరు ఇప్పించే ఏర్పాటు మాత్రం అప్పుడు లేదు. అన్ని హంగులూ ఉన్న ఈ రోజుల్లో కూడా చిన్న చిత్రం మొదట తలుపు తట్టేది థియేటరు దగ్గర, ఖాళీ చేతులతో వెనుదిరిగేదీ అక్కడే.

1971లో బంగ్లాదేశ్ అవతరించింది. ఘటక్ తాను పోగొట్టుకున్న నదుల దేశానికి వెళ్లి, అద్వైత మల్లబర్మన్ నవల ఆధారంగా 'తితాస్ ఏక్టి నదీర్ నామ్' తీశారు. అది 1973లో విడుదలయింది. ఎండిపోతున్న నదితోపాటు అంతరించిపోయే బెస్తవారి కథ. ఇంటికి తిరిగి వెళ్లిన కాంచన్‌కు ఇల్లు దొరికింది. ఇంటికి తిరిగి వెళ్లిన ఘటక్‌కు మాత్రం ఒక ఇసుక తిన్నె మిగిలింది. ఆ చిత్ర నిర్మాణంలో ఆయన ఆరోగ్యం పూర్తిగా కుప్పకూలింది.

మిగిలిన కొద్దిపాటి శక్తితో 1974లో 'జుక్తి తక్కో ఆర్ గప్పో' పూర్తిచేశారు. తర్కం, వాదం, కథ అని దాని అర్థం. అందులో నీలకంఠుడనే తాగుబోతు మేధావి వేషం తానే కట్టారు. విషం మింగినవాని పేరు పెట్టుకోవడం ఆయన ఉద్దేశపూర్వకంగా చేసిన పనే. చిత్రం మొదట్లో భార్య కొడుకును తీసుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతుంది. ఆ కొడుకు పాత్రను ఆయన సొంత కుమారుడు ఋతబాన్ ధరించాడు. ఇల్లు విడిచిన కుర్రవాని కథలు చెబుతూ వచ్చిన మనిషి, తననే ఇల్లు విడిచిన కథను కూడా దాచకుండా తెర మీద పెట్టారు. వీధిన పడ్డ నీలకంఠుడు జంషెడ్‌పూర్‌కు పొరుగున ఉన్న పురూలియా చేరతాడు. ఛావ్ నృత్యానికి ముఖాలు తయారుచేసే ముసలి కళాకారుణ్ణి కలుస్తాడు. చివరకు అడవిలో నక్సలైటు యువకులకు ఎదురుపడతాడు. వారిని ఆయన వెనకేసుకు రాలేదు, వెక్కిరించనూ లేదు. తన తరం తప్పులన్నీ తన మీద వేసుకుని, తనకూ దారి తెలియదని వారి ముందు ఒప్పుకుంటాడు. తెల్లవారి పోలీసు కాల్పుల్లో ఆ యువకులతోపాటు నేలకొరుగుతాడు. శ్రీకాకుళం కొండల్లో ఆ రోజుల్లోనే బిడ్డలను పోగొట్టుకున్న మన తెలుగు కుటుంబాలకు ఆ దృశ్యం బాధ చెప్పకుండానే తెలుస్తుంది.

ఆ చిత్రానికి ఉత్తమ కథా రచయితగా జాతీయ బహుమతి వచ్చింది. అది విడుదల అయ్యేదాకా ఆయన బ్రతకలేదు. అత్యవసర పరిస్థితి అమలులో ఉన్న రోజుల్లో, 1976 ఫిబ్రవరి 6న, కలకత్తాలో ఋత్విక్ ఘటక్ కన్నుమూశారు. వయస్సు 50 ఏళ్లు. బడిలో పాఠాలు చెప్పి పిల్లలను పోషించుకున్న సురమ ఆ తరువాత ఆయన రచనలను, చిత్రాలను కాపాడే బాధ్యత మోశారు. ఇల్లు నిలబెట్టలేకపోయిన మనిషి పేరును నిలబెట్టింది ఆ ఇల్లాలే. ఈ మాట ఆయన ప్రతిభను కీర్తించే సభల్లో తక్కువగా వినిపిస్తుంది. 2025లో ఆయన శతజయంతి వచ్చింది. నూరేళ్ల సభల్లో కూడా, ధిక్కారానికి ఆయన చెల్లించిన మూల్యంలో భార్యా బిడ్డలు మోసిన పాలు ఎంత అన్నది అడగవలసిన ప్రశ్నే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఘటక్ ఇంటా ఓడారు, రచ్చా ఓడారు; పోయిన తరువాత రచ్చ గెలిచారు. ఆయన జీవితాన్ని తిరుగుబాటుకు స్తోత్రంగా చదవడం సులభం. కొడుకులకు హెచ్చరికగా చదవడం ఇంకా సులభం. ఆయన చిత్రాలు ఈ రెండు చదువులకూ లొంగవు. 'సువర్ణరేఖ' చివర, చేసిన తప్పులకు సర్వం కోల్పోయిన ఈశ్వర్ వద్ద సీత కొడుకు బినూ ఒక్కడే మిగులుతాడు. నది ఒడ్డున కొత్త ఇల్లు ఉందని ఆ పసివాడు నమ్ముతాడు. నెరిసిన జుట్టుతో ఈశ్వర్ వాడి వెంట నడుస్తాడు. 'ఉడాన్' చివర రోహన్ తమ్ముడి చేయి పట్టుకుని నడుస్తాడు. గుమ్మం దాటడంతో పెద్దవాడైనట్లు కాదని, తనకంటె చిన్నవాని చేయి పట్టుకున్న నాడే ఆ పెద్దరికం వస్తుందని రెండు చిత్రాలూ చెబుతున్నాయి.

ఋత్విక్కు అంటే యజ్ఞం చేయించేవాడు. యజ్ఞఫలం అతనిది కాదు, యజమానిది. ఘటక్ పేరు ఆ విధంగా సార్థకమయింది. ఫలం ఆయన శిష్యులకూ, ఆయనను చూడకుండానే ఆ దారిన నడిచిన తరువాతి తరం దర్శకులకూ దక్కింది. జంషెడ్‌పూర్‌లో గాని, విజయవాడలో గాని, హైదరాబాదులో గాని, మార్కుల కాగితం తండ్రి ముందు పెట్టడానికి వణికే కుర్రవానికి కూడా అందులో వాటా ఉంది. వాడు గుమ్మం దాటకముందే వాని మాట వినే ఓపిక మన ఇళ్లల్లో ఉంటే, ఆ వాటా వానికి చేరినట్లే.